జోస్యం వెంట నడిచిన సేన

సంధ్యవేళ అశుభం పలుకరాదని మన ఇళ్లలో పెద్దలు పిల్లలను మందలిస్తారు. ఆ వేళ తథాస్తు దేవతలు ఆకాశమార్గాన సంచరిస్తుంటారనీ, చెవిన పడిన మాటకు తథాస్తు అంటారనీ వారి నమ్మకం. దేవతల సంగతి అటుంచితే, పలికిన మాట మనిషి నడతను మార్చడం, మారిన నడత ఆ మాటను నిజం చేయడం లోకంలో కనిపించేదే. భాగవతంలోని కంసుడి కథ ఇందుకు పాత నిదర్శనం. దేవకి అష్టమ గర్భం వలన చావు తప్పదని ఆకాశవాణి పలికింది. ఆ మాట విన్న కంసుడు చెల్లెలిని చెరబెట్టి, పసికందులను చంపి, తన చావుకు కావలసిన పగను తానే పెంచి పోషించాడు. తన్ను తానే నిజం చేసుకునే ఇట్టి జోస్యాన్ని గురించి 1948లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఒక వ్యాసం రాశాడు. నిక్షేపంగా నడుస్తున్న బ్యాంకు దివాలా తీయబోతున్నదని పుకారు పుడితే, జనం ఒక్కుమ్మడిగా వచ్చి సొమ్ము వెనక్కు తీసుకుంటారు. ఆ తాకిడికి అది నిజంగానే దివాలా తీస్తుంది. పుట్టినప్పుడు పుకారు అబద్ధమే. నమ్మినవారి నడత దానిని నిజం చేసింది. మెర్టన్‌కు ఐదు వందల ఏళ్ల ముందు ఫ్రాన్సు దేశంలో ఒక పల్లెపడుచు బతుకు ఈ సంగతిని గెలుపు వైపు నుంచీ ఓటమి వైపు నుంచీ కూడా చూపింది. ఆమె జోన్ ఆఫ్ ఆర్క్.

జోన్ పుట్టేనాటికి ఫ్రాన్సు, ఇంగ్లండు రాజవంశాల నడుమ వైరం మొదలై డెబ్బై అయిదేళ్లు కావస్తున్నది. 1337లో రాజుకున్న ఆ నిప్పు ఆరుతూ, మళ్లీ రగులుతూ నూరేళ్లకు పైగా సాగింది. 1415లో అజిన్‌కూర్ యుద్ధభూమిలో ఫ్రెంచి సామంతులు వందల సంఖ్యలో నేలకూలారు. 1420లో ట్రాయ్ నగరంలో జరిగిన సంధి అంతకంటే ఘోరమైనది. మతిస్థిమితం లేని ఫ్రెంచి రాజు ఆరవ చార్లెస్, తన కన్నకొడుకును కాదని ఇంగ్లండు రాజు ఐదవ హెన్రీని వారసుడిగా అంగీకరించాడు. 1422లో ఆ రాజులిద్దరూ కొద్ది వారాల వ్యవధిలో కన్నుమూశారు. ఏడాది నిండని పసివాడు ఆరవ హెన్రీ రెండు దేశాలకూ రాజని ఇంగ్లీషువారు చాటారు. వారసత్వం పోగొట్టుకున్న యువరాజు చార్లెస్ లువార్ నదికి దక్షిణాన తలదాచుకుని, పట్టాభిషేకం లేక, పైకం లేక, ధైర్యమూ లేక కాలం గడుపుతున్నాడు. తాను నిజంగా రాజుకు పుట్టినవాడినేనా అన్న శంక కూడా ఆయనను వేధించేదని చెబుతారు.

ఇట్టి నిరాశలోనే జోస్యాలు మొలకెత్తుతాయి. ఒక స్త్రీ వలన చెడిన ఫ్రాన్సు ఒక కన్య వలన బాగుపడుతుందన్న మాట ఆనాడు జనం నోట నానుతుండేది. చెడగొట్టిన స్త్రీ, ట్రాయ్ సంధికి తోడుపడిన రాణి ఇసబో అని జనం పోల్చుకున్నారు. ఇక రావలసింది కన్య. ఆమె లొరెయిన్ సరిహద్దు నుంచి వస్తుందని కొందరు, పురాతన ప్రవక్త మెర్లిన్ ఈ సంగతి ఎన్నడో చెప్పి ఉంచాడని మరికొందరు అనుకునేవారు. బ్రహ్మంగారి కాలజ్ఞానాన్ని తలచుకునే తెలుగువారికి ఈ ఎదురుచూపు కొత్తగా తోచదు. రావలసిన మనిషికి ఊరూ పేరూ లేకపోయినా, ఆమె కూర్చోవలసిన పీట మాత్రం జనం మనసుల్లో అప్పటికే వేసి ఉన్నది.

1412 ప్రాంతంలో లొరెయిన్ సరిహద్దునే డోమ్రెమి అనే పల్లెలో జోన్ పుట్టింది. తండ్రి జాక్ ఒక మోస్తరు రైతు, తల్లి ఇసబెల్. జోన్‌కు చదువు రాదు. నూలు వడకడం, కుట్టుపని, ఇంటిపని, ఒక్కొక్కప్పుడు పశువులను తోలుకుపోవడం, తల్లి నేర్పిన ప్రార్థనలు – ఇవీ ఆమెకు తెలిసినవి. పదమూడవ ఏట, ఒక వేసవి మధ్యాహ్నం, తండ్రి తోటలో ఉండగా తనకు దివ్యవాణి వినిపించిందని ఆమె తరువాత చెప్పింది. మొదట బుద్ధిగా నడుచుకొమ్మన్న ఆ వాణి, పోను పోను రాజును చేరి ఫ్రాన్సును రక్షించమని ఆదేశించసాగిందట. ఆ వాణి ఏమిటన్నది విశ్వాసులు ఒక తీరుగా, వైద్యులు ఒక తీరుగా, చరిత్రకారులు మరొక తీరుగా వివరిస్తూ వచ్చారు. ఆమె దానిని నూటికి నూరుపాళ్లు నమ్మిందన్న విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

ఇంట్లో మరొక జోస్యం కూడా తలెత్తింది. కూతురు సైనికుల వెంట వెళ్లిపోయినట్లు తండ్రికి కల వచ్చింది. సైనికుల వెంట వెళ్లే ఆడదంటే ఆ రోజుల్లో ఒకటే అర్థం. అదే జరిగితే ఆమెను నీట ముంచి చంపవలసి వస్తుందని ఆయన కొడుకులతో అన్నాడు. నాటి నుంచి తల్లిదండ్రులు ఆమెను కట్టుదిట్టంగా చూడసాగారు. కల నిజమయింది, తండ్రి భయపడిన అర్థంలో మాత్రం కాదు.

1428 మే నెలలో జోన్ ఒక బంధువును తోడు తీసుకుని దాపులనున్న వోకులూర్ కోటకు వెళ్లి, రాజు వద్దకు పంపమని కోటాధిపతి బోద్రికూర్‌ను కోరింది. రెండు చెంపదెబ్బలు కొట్టి పుట్టింటికి చేర్చమని అతడు ఆ బంధువుకు సలహా ఇచ్చాడు. 1429 ఆరంభంలో ఆమె మళ్లీ వెళ్లింది. ఈసారి ఆ ఊరిలో బండిచక్రాలు చేసే ఒక వడ్రంగి ఇంట బస చేసి, ఆయన భార్య కేథరీన్‌తో కూర్చుని నూలు వడుకుతూ మూడు వారాలపాటు కాచుకున్నది. అక్కడే ఆమె లొరెయిన్ కన్యను గురించిన జోస్యాన్ని పైకి తీసింది. ఆ మాట వారు మునుపే విన్నదే. ఎవరిని గురించో ఎన్నడూ ఆలోచించలేదు. ఆ తరువాత ఊరివారి తీరు మారింది. గుర్రం కొనిపెట్టినవారు ఊరిజనమే, మగదుస్తులు సమకూర్చినవారూ వారే. ఇద్దరు యోధులు దారిలో తోడుంటామని ముందుకు వచ్చారు. ఎగతాళి చేసిన బోద్రికూర్ చివరకు ఒక కత్తి చేతికిచ్చి సాగనంపాడు. కోటాధిపతి మనసును మార్చినదాంట్లో ఈ ఊరి నమ్మకపు ఒత్తిడి పాలు తక్కువేమీ కాదు.

శత్రువుల ఏలుబడిలోని నేల మీదుగా పదకొండు రోజులు ప్రయాణం చేసి ఆమె షినాన్ కోటలో చార్లెస్‌ను కలుసుకున్నది. పదిహేడేళ్ల పల్లెపిల్ల మాట పట్టుకుని సేనను అప్పగించడానికి ఆయన అంత తెలివితక్కువవాడు కాడు. ఆమెను పొయిటియర్స్ నగరానికి పంపి, మతపండితులచేత వారాల తరబడి ప్రశ్నింపజేశాడు. ఆ పండితులూ జోస్యాల మీద మొగ్గు చూపినవారే. అవిన్యోన్‌కు చెందిన మేరీ అనే భక్తురాలికి పూర్వం ఒక దర్శనంలో కవచాలు కనిపించాయట; అవి తనకేమోనని ఆమె బెదరితే, తన తరువాత రాబోయే ఒక కన్యకు అవి చెందుతాయని సమాధానం వచ్చిందట. ఈ కథను ఒక పండితుడు ఆ సభలో గుర్తు చేశాడు. జోన్‌లో దోషం కనిపించలేదనీ, ఆర్లియన్స్ నగరం ముందు ఆమె మాట పరీక్షకు నిలుస్తుందనీ పండితులు తేల్చారు. జాగ్రత్తగా చెప్పిన మాటే. కాని రాజు ఆమెకు కవచం, ధ్వజం, పరివారం ఇచ్చి పంపిన క్షణాన, కన్య వచ్చేసిందన్న వార్తకు రాజముద్ర పడినట్లయింది.

ఆర్లియన్స్ ముట్టడి 1428 అక్టోబరులో మొదలైంది. లువార్ నది మీది ఆ నగరం పడిపోతే దక్షిణ దేశానికి దారి తెరుచుకుంటుంది. 1429 ఫిబ్రవరిలో ఆహార పదార్థాలు తెస్తున్న ఇంగ్లీషు బండ్లను అడ్డగించబోయి ఫ్రెంచివారు అవమానకరంగా ఓడారు. న్యాయంగా చెప్పాలంటే ఇంగ్లీషువారి పరిస్థితీ అంత గట్టిది కాదు. నగరాన్ని పూర్తిగా చుట్టుముట్టడానికి చాలినంత బలగం వారికి లేదు. ఏప్రిల్‌లో వారి మిత్రుడు బర్గండీ ప్రభువు తన సేనలను వెనక్కు పిలిపించుకున్నాడు. ఫ్రెంచివారికి గెలిచే వీలున్నది. గెలవగలమన్న తలంపే లేదు. సముద్రం ఒడ్డున కూర్చున్న హనుమంతుడికి బలం కొత్తగా పుట్టలేదు; జాంబవంతుడు గుర్తు చేశాడు, అంతే.

ఏప్రిల్ 29 రాత్రి జోన్ నగరంలో ప్రవేశించింది. దివిటీలతో వచ్చిన జనం ఆమెనో, ఆమె గుర్రాన్నో తాకితే చాలుననుకుని ఎగబడ్డారు. ఒక దివిటీ సోకి పతాకం అంటుకుంటే ఆమె చురుకుగా గుర్రాన్ని మళ్లించి ఆర్పివేసింది. అంతకుముందే సేనలో ఆమె కొన్ని కట్టుబాట్లు తెచ్చింది. విడిదిలో వెలయాండ్రు ఉండరాదు, దోపిడి కూడదు, ఒట్లూ తిట్లూ మానాలి. లా హీర్ అనే మోటు సేనాని నోరు అదుపులో పెట్టుకోలేక, చేతికర్ర మీద మాత్రం ఒట్టు పెట్టుకునేటట్లు రాజీ కుదుర్చుకున్నాడు. దేవుడు తమ పక్షాన ఉన్నాడని నమ్మినవాడు అందుకు తగినట్లు నడుచుకోవాలి గదా! అట్లా నడుచుకున్నకొద్దీ ఆ నమ్మకం గట్టిపడింది.

మే 4న ఒక కోట, 6న మరొకటి ఫ్రెంచివారి వశమయ్యాయి. 7వ తేదీన వంతెన చివరనున్న టూరెల్ బురుజుల మీద దాడి జరిగింది. ఆనాడు జోన్‌కు మెడకూ భుజానికీ నడుమ బాణం దిగింది. ఆర్లియన్స్ ముందు తనకు గాయమవుతుందనీ, చావు మాత్రం రాదనీ ఆమె ముందే చెప్పింది. గాయానికి రెండు వారాల ముందు, ఏప్రిల్ 22న, లియోన్ నుంచి ఒక దూత రాసిన లేఖలో ఈ సంగతి నమోదై ఉన్నది. గాయపడిన నాయకురాలిని చూసి చెదరిపోవలసిన సైనికులు, అన్నమాట జరిగిందని మరింత కుదుటపడి ఉంటారని ఊహించవచ్చు. పొద్దు వాలుతుండగా సేనానులు దాడి నిలుపుదామనుకున్నారు. జోన్ ఆగమని వేడుకొని, పక్కనున్న ద్రాక్షతోటలోకి వెళ్లి కొద్దిసేపు ప్రార్థించి వచ్చి, తన ధ్వజాన్ని కందకం అంచుకు తీసుకుపోయింది. ధ్వజం గోడను తాకితే కోట తమదేనని సైనికులు నమ్మారు. తాకిందన్న కేక వినబడగానే నిచ్చెనలు ఎక్కారు. మరునాడు, మే 8న, ఏడు నెలల ముట్టడిని వదలి ఇంగ్లీషువారు వెళ్లిపోయారు.

ఆ యుద్ధంలో నగరాన్ని కాపాడిన సేనాని ద్యునువా చాలా ఏళ్ల తరువాత ఇచ్చిన వాంగ్మూలం ఈ కథకంతటికీ ఆయువుపట్టు. జోన్ రాకముందు రెండు వందలమంది ఇంగ్లీషువారు ఎనిమిది వందలో వెయ్యో ఫ్రెంచివారిని తరిమికొట్టేవారట. ఆమె వచ్చాక నాలుగైదు వందల ఫ్రెంచివారు దాదాపు ఇంగ్లీషు బలగమంతటినీ ఎదిరించి నిలిచారట. మనుషులు వారే, ఆయుధాలు అవే. ఆయన యుద్ధం ఎరిగిన మనిషి. భక్తి మాట వేరే ఉన్నా, లెక్క తెలిసే చెప్పాడు.

నమ్మకం ఒక్క పక్షానికే పరిమితం కాలేదు. ఇంగ్లీషువారు ఆమెను దేవుడు పంపిన కన్య అనుకోలేదు, మంత్రగత్తె అనుకున్నారు. పేరు ఏదైతేనేం, ఆమె ఎదుట ఓటమి తప్పదన్న భావం కుదిరాక చేతులు సడలుతాయి. యుద్ధానికి ముందే శత్రువు గొప్పను చెవిలో ఊది కర్ణుడి తేజోవధ చేయడానికి భారతంలో శల్యుడు ఉన్నాడు. ఇంగ్లీషు సేనకు అట్టి సారథి అక్కరలేకపోయింది; ఎవరి మనసులో వారికి ఒక శల్యుడు కూర్చున్నాడు. జూన్ 18న పటే వద్ద, నిన్నటిదాకా అజేయమనిపించుకున్న వారి సేన కొద్దిసేపట్లో చెల్లాచెదరయింది. 1430లో మే నెలలోనూ డిసెంబరులోనూ, కన్య మంత్రాలకు జడిసి ఫ్రాన్సుకు ఓడ ఎక్కనివారిని, సేనను విడిచి పారిపోయినవారిని పట్టుకొమ్మని ఇంగ్లండులో ఉత్తరువులు వెలువడ్డాయి. ప్రభుత్వమే పేరుపెట్టి చాటిన భయం ఇంకెంత పెరిగి ఉంటుందో!

పట్టాభిషేకం కోసం చార్లెస్‌ను రీమ్స్ నగరానికి తీసుకుపోవాలని జోన్ పట్టుబట్టింది. దారి పొడవునా శత్రువుల ఊళ్లే. ఆయనను వారసుడు కాడని తేల్చిన ట్రాయ్ నగరమూ దారిలోనే ఉన్నది. ఆ ఊరి తరఫున ఒక సన్యాసి, ఆమె దయ్యమేమోనన్న శంకతో పవిత్రజలం చల్లుకుంటూ, శిలువ గుర్తు చేసుకుంటూ ఎదురు వచ్చాడు. ఆమె కందకం పూడ్చడానికి పుల్లల మోపులు వేయించడం చూసి పురజనులు తలుపులు తెరిచారు. జూలై 17న రీమ్స్ ప్రధాన దేవాలయంలో చార్లెస్ అభిషిక్తుడయ్యాడు. ధ్వజం పట్టుకుని జోన్ ఆయన సమీపంలో నిలిచింది. వృద్ధ కవయిత్రి క్రిస్టీన్ ద పిజాన్ జూలై 31న ముగించిన కావ్యంలో, మెర్లిన్ మొదలైన ప్రాచీనులు ఈ కన్యను ముందే చూశారని గానం చేసింది. జోస్యం నెరవేరినట్లే. చిక్కు అక్కడే మొదలైంది.

గెలుపు మీద గెలుపుగా పెరిగిన నమ్మకానికి ప్రతి దినమూ కొత్త గెలుపు ఆహారం కావాలి. సెప్టెంబరు 8న పారిస్ ముందు ఆ ఆహారం దొరకలేదు. కోటగోడలు ఎత్తయినవి, లోపలివారు ఆమె కోసం ఎదురుచూస్తున్నవారు కారు. తొడలో బాణం దిగి జోన్ పడిపోయింది. దాడి నిలిపివేయమని రాజు ఆజ్ఞాపించాడు. ఆయన అప్పటికే బర్గండీ ప్రభువుతో సంధి మంతనాలలో ఉన్నాడు. చలికాలంలో లా షారిటే పట్టణం ముట్టడి కూడా విఫలమైంది. ఆమె చెప్పినవన్నీ జరగవన్న గుసగుస బయలుదేరింది. దైవబలమే కారణమని చాటిన గెలుపు చేజారితే, దైవం విడిచిపెట్టిందన్నమాట వెంటనే పుట్టక తప్పదు. మామూలు సేనాని ఒకసారి ఓడితే ఓడినట్లే. జోస్యం ఒకసారి ఓడితే మొదటినుంచీ అబద్ధమన్నట్లు.

ఆమె మనసులోనూ మార్పు వచ్చింది. 1430 ఈస్టర్ వారంలో మెలన్ పట్టణపు కందకం గట్టు మీద నిలిచి ఉండగా, జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగకు ముందే తాను బందీ అవుతానని దివ్యవాణి చెప్పినట్లు జోన్ విచారణలో తెలిపింది. నాటి నుంచి యుద్ధ వ్యవహారాలను చాలావరకు సేనానుల ఇష్టానికే విడిచిపెట్టానని కూడా చెప్పింది. పొద్దు వాలినా దాడి ఆపవద్దని వేడుకొన్న జోన్‌కూ, ఈ జోన్‌కూ ఎంత దూరమో చూడవచ్చు. మే 23 సాయంకాలం కాంపియేన్ నగరం వెలుపల జరిగిన పోరులో, సేన వెనుకంజ వేస్తుంటే ఆమె చివర నిలిచింది. వంతెన పైకి లేచిపోయింది. బర్గండీవారు ఆమెను గుర్రం మీద నుంచి లాగివేశారు. పదివేల లివర్లకు ఆమె ఇంగ్లీషువారికి అమ్ముడుపోయింది.

పట్టం కట్టించుకున్న చార్లెస్ ఆమెను విడిపించడానికి పూనుకున్న దాఖలా దాదాపు లేదు. రీమ్స్ ఆర్చిబిషప్ పురప్రజలకు లేఖ రాస్తూ, ఆమె ఎవరి మాటా వినక తన ఇష్టం చెల్లించుకున్నదనీ, గర్వించిందనీ నిందించి, దేవుడు పంపానన్న గొర్రెలకాపరి పిల్లవాడు ఒకడు దొరికాడని కూడా తెలియజేశాడు. పీట ఖాళీ కాగానే మరొకరిని కూర్చోబెట్టారు. ఆ పిల్లవాడు 1431లో ఇంగ్లీషువారికి చిక్కాడు.

రూఆన్ నగరంలో బిషప్ కోషో ఆధ్వర్యంలో 1431 జనవరిలో విచారణ ప్రారంభమైంది. పదులకొద్దీ పండితులు ఒకవైపు, సంకెళ్లతో జోన్ ఒకవైపు. డోమ్రెమి దగ్గరి అడవి చెంత నుంచి ఒక కన్య వస్తుందన్న జోస్యాన్ని గురించి కూడా అడిగారు. రాజు వద్దకు వచ్చినప్పుడు కొందరు దానిని గురించి తన్ను ప్రశ్నించారనీ, తాను మాత్రం దానిని నమ్మలేదనీ ఆమె బదులు చెప్పింది. జనం ఆమెను దేనిలో చూసుకున్నారో ఆ కథ ఆమెకు అక్కరలేదు. తన వాణి తనకు చాలు. ఆ వాణి గొప్ప విజయంతో విముక్తి కలుగుతుందని చెప్పిందని, చెర తీరుతుందన్న ఆశతో ఆమె కడదాకా కాచుకున్నది. మే 24న ప్రాణభయంతో తన మాటలను వెనక్కు తీసుకున్నట్లు పత్రం మీద గుర్తు పెట్టింది; నాలుగు రోజులు గడవకముందే ఆ పత్రాన్ని కాదన్నది. మే 30న రూఆన్ సంతబజారులో ఆమెను సజీవంగా దహనం చేశారు. వయస్సు సుమారు పందొమ్మిది. చితాభస్మాన్ని సేన్ నదిలో కలిపివేశారు, ఎవరూ దాచుకోకుండా.

యుద్ధం 1453లో ముగిసింది. మంత్రగత్తె పెట్టిన కిరీటం అన్న అపవాదు చార్లెస్‌కు ఇక పనికిరాదు. జోన్ తల్లి ఇసబెల్ 1455లో పారిస్ నోటర్‌డామ్ దేవాలయానికి వచ్చి కూతురికి న్యాయం చేయమని కోరింది. సాక్షులను ఊరూరా విచారించి, 1456 జూలై 7న పాత తీర్పును రద్దు చేశారు. 1920లో కేథలిక్ చర్చి ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

సాక్ష్యం చెప్పినవారిలో వోకులూర్ వడ్రంగి భార్య కేథరీన్ ఉన్నది. ఇరవై ఏడేళ్ల కిందట తన ఇంట నూలు వడికిన పిల్ల, స్త్రీ వలన చెడిన దేశం లొరెయిన్ కన్య వలన బాగుపడుతుందన్న మాట వినలేదా అని తన్ను అడిగిందనీ, విన్నట్లు గుర్తుకు వచ్చి తాను నిర్ఘాంతపోయాననీ, అప్పటి నుంచి తానూ ఇంకా పలువురూ ఆమె మాటలను నమ్మారనీ ఆ ముసలామె న్యాయాధికారులకు చెప్పింది.